వైశాలి నుంచి వచ్చిన మూడు సీసాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటుండేది. ఢిల్లీ వెళ్ళాక అది తగ్గకపోగా, అక్కడి ఎండకీ బస్సులకీ ఇంకాస్త ముదిరింది. ఆ కోపంతో నోరు జారి, తర్వాత నాలిక కరుచుకున్న సందర్భాలు లెక్కలేనన్ని. వాటిలో ఒకటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు పులకరిస్తుంది. సిగ్గుపడిందీ ఎగిరి గంతేసిందీ ఒక్క రోజే మరి.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన రోజులవి. దక్షిణ ఢిల్లీలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. గాలి, నేల, నీరు, మంచు ఒకదాన్నొకటి ఎలా నడిపిస్తాయో, వాతావరణం మారిపోతుంటే మనుషులు ఎలా సర్దుకోవాలో చదివే విభాగం మాది. అందులో నా వంతుకి వాన వచ్చింది. అనంతపురం పిల్లకి వాన మీద రీసెర్చా అని మా నాన్న ఫోన్‌లో ఒకటే నవ్వు. “మన తట్టు పడేదే లేదు, ఆడికి పోయి పట్టుకుంటాండావా?” అన్నాడు. నవ్వితే నవ్వాడుగానీ, నేను మాత్రం ఆ వాన పిచ్చిలో నిలువునా మునిగి ఉన్నాను.

ఎందుకంటే నీళ్ళన్నీ ఒకటి కావు! తాగితే తెలీదు, చూస్తే తెలీదు. కానీ ఏ నీళ్ళలోనైనా కాస్త బరువైన కణాలూ కాస్త తేలికైనవీ కలిసే ఉంటాయి. సముద్రం మీద పుట్టిన మబ్బు దారి పొడుగునా కురుస్తూ వస్తుంటే బరువైనవి ముందు రాలిపోతాయి. ఎంత దూరం వస్తే, ఎంత ఎత్తెక్కితే, మిగిలిన నీరు అంత తేలికవుతుంది. కాబట్టి చిన్న సీసాడు వాననీళ్ళు తీసుకెళ్ళి యంత్రంలో పెడితే, ఆ వాన ఎటు నుంచి వచ్చిందో, ఎంత దూరం తిరిగిందో చాలావరకు చెప్పొచ్చు. ఈ సంగతి క్లాసులో మొదటిసారి విన్న రోజు నేను హాస్టల్‌కి నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చాను. ఢిల్లీలో నా నెత్తి మీద పడిన చినుకు మన బందరు సముద్రంలోంచి లేచి ఉండొచ్చంటే మాటలా!

అయితే నా పరిస్థితి అంత బాగా ఏమీ లేదు. రెండో ఏడు చివర మా విభాగంలో ఒక సెమినార్ ఉండేది. ఐదుగురు పెద్దలు కూర్చుంటారు. చేసిన పని చూపించాలి. వాళ్ళు సరేనంటే పీహెచ్‌డీలో కొనసాగుతాం, కాదంటే ఎం.ఫిల్. పట్టా చేతిలో పెట్టి సాగనంపుతారు. మొదటి ఏడాది వానాకాలం సరిగ్గా రాలేదు, పట్టిన కొద్ది నీళ్ళూ మూతలు వదులై ఆవిరైపోయాయి. “నీకు మిగిలింది ఈ ఒక్క వానాకాలమే,” అని మా గైడ్ సర్ తేల్చి చెప్పేశారు. ఆయన మంచివారేగానీ, తీపి మాటలు ఆయన నోట రావు.

వానని ఒక్కచోట పట్టుకుంటే చాలదు, నగరం నాలుగు మూలలా పట్టాలి. నాలుగు మేడల మీద నాలుగు క్యాన్లు పెట్టాలి, వాటిని నమ్మకమైన మనుషులు చూసుకోవాలి. నాకు నమ్మకమైనవాళ్ళంటే కార్తీకమాసం వనభోజనాల్లో పరిచయమైన తెలుగువాళ్ళే. వసంత్ కుంజ్‌లో ఒక ఇల్లు, ద్వారకాలో ఒకటి, గుర్గావ్‌లో ఒకటి, యమున అవతల వైశాలిలో ఒకటి. వైశాలి వాళ్ళది నాలుగో అంతస్తు, పైన డాబా. అంకుల్ ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆంటీది రాజమండ్రి దగ్గర. మనిషి కాస్త గట్టిగా మాట్లాడుతుంది, పని ఇంకా గట్టిగా చేస్తుంది.

పని కష్టమైందేం కాదు. గరాటు పెట్టిన క్యాన్ డాబా మీద ఉంటుంది. నీళ్ళు ఆవిరైపోకుండా అందులో ముందే కాస్త పారఫిన్ నూనె పోసి ఉంచుతాను, అది పైన తేలుతూ ఉంటుంది. వారమంతా పడిన వానని ఆదివారం క్యాన్ అడుగునున్న కుళాయి తిప్పి, నేనిచ్చిన సీసాలో గొంతుదాకా పట్టి మూత బిగించాలి. ఒక కాగితం మీద తేదీ, సీసా నంబరు రాయాలి. అంతే. వైశాలి దూరం కనుక, ఆ సీసానీ కాగితాన్నీ సోమవారం అంకులే గుడ్డసంచిలో తన ఆఫీసుకి తెచ్చేవారు. నేను గేటు దగ్గర తీసుకుని, కడిగిన కొత్త సీసా చేతిలో పెట్టేదాన్ని. సంచిలో పులిహోరో, కందిపొడో కూడా ఉండేది. హాస్టల్ మెస్సులో రాజ్మా తిని తిని చచ్చిన ప్రాణానికి అది అమృతం.

ఆ ఏడాది వాన దోబూచులాడింది. కొన్ని వారాలు ద్వారకా సీసా ఖాళీ, గుర్గావ్ సీసా ఖాళీ, వసంత్ కుంజ్‌దీ ఖాళీ. వైశాలి సీసా మాత్రం ఎప్పుడూ నిండుగా వచ్చేది. ఢిల్లీ వాన సంగతి తెలిసిందే కదా, రోడ్డుకి ఇటువైపు గొడుగులు తెరుస్తారు, అటువైపు దుమ్ము లేస్తుంటుంది. వైశాలి వాళ్ళు అదృష్టవంతులు అనుకున్నాను. ఆ కాగితాల్లోంచి తేదీ, నంబరు కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కాగితాలన్నీ ఒక కవర్లో పడేశాను.

సెప్టెంబరు చివర సీసాలన్నీ అట్టపెట్టెలో సర్దుకుని, యంత్రం ఉన్న ఇంకో సంస్థకి వెళ్ళాను. నెలల ముందు వరసలో పేరు రాయించుకుంటే ఇచ్చిన మూడు రోజులవి. అంకెలు ఒక్కొక్కటే వస్తున్నాయి, నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడుతున్నాను. చుక్కలన్నీ ఒకచోట మూగుతున్నాయి. ఇంతలో ఒక చుక్క ఎక్కడో కిందికి దిగిపోయింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. మూడూ వైశాలివే! ఢిల్లీలో పడే వాన అంత తేలిగ్గా ఉండడం నేనెక్కడా చదవలేదు. ఓరి దేవుడా, ఇది ఎక్కడి మబ్బు, ఎన్ని కొండలెక్కి దిగింది! యంత్రం చూసుకునే ఆయనకి అక్కడికక్కడే దండం పెట్టాను. ఆయన బిత్తరపోయి, “క్యా హువా, బేటా?” అన్నాడు.

తిరిగొచ్చి గ్రాఫు చూపిస్తే మా సర్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన దగ్గర అదే పెద్ద మెప్పు. “ఇది నిజమైతే నీ సెమినార్ గురించి బెంగ లేదు,” అన్నారు. నిజమైతే అన్న మాట నా చెవికెక్కలేదు. ల్యాబులో అందరికీ సమోసాలు తినిపించాను. అమ్మకి ఫోన్ చేసి నేనేదో కనిపెట్టేశానని చెప్పాను. అమ్మ వెంటనే పక్కింటివాళ్ళకి చెప్పేసింది.

నా సంబరం మీద నీళ్ళు చల్లింది పక్క బల్ల సీనియర్. పాట్నా అమ్మాయి, అందరం దీదీ అనేవాళ్ళం. ఆమె వాతావరణ కార్యాలయం నుంచి తెప్పించిన వర్షపాతం పట్టిక నా ముందు పెట్టి, ఆ మూడు వారాల మీద వేలు ఆనించింది. “దేఖ్, ఉధర్ తో బారిష్ హీ నహీఁ హుయీ.” వైశాలికి దగ్గర్లో ఉన్న వానమాపకంలో మూడు వారాలూ సున్నా. నాకు చిర్రెత్తుకొచ్చింది. మాపకం ఉన్నచోట పడకపోతే వైశాలిలో పడకూడదని రూలుందా అని దీదీతో వాదించాను. సెమినార్‌కి ఇంకా పది రోజులే ఉంది. ఆ వారాల్లో వాన పడిందని ఆంటీ ఒక్క మాట చెబితే చాలు. ఆదివారం పొద్దున్నే రెండు బస్సులు మారి, ఆనంద్ విహార్‌లో షేర్ ఆటో ఎక్కి వైశాలి చేరాను.

ఆంటీ వంటింట్లో వంకాయలు తరుగుతోంది. నేను కూర్చోకుండానే ఆ మూడు తేదీలూ చదివి, “అప్పుడు ఇక్కడ పెద్ద వాన పడింది కదాంటీ?” అన్నాను.

“వానా? ఎక్కడి వానమ్మా! ఆ రోజుల్లో చుక్క రాలితే ఒట్టు. నేను డాబా మీద వడియాలు కూడా పెట్టుకున్నాను.”

“మరి సీసాలో నీళ్ళు?”

“నేనే పోశాను,” అంది ఆంటీ, అందులో వింతేముందన్నట్టు.

ఆంటీ కత్తిపీట పక్కకి జరిపి, నాకు అర్థమయ్యేలా చెప్పబోయింది. “అంత శుభ్రంగా కడిగి, నంబరేసి పంపిస్తావు. ఖాళీ సీసా తిప్పి పంపమంటావా? ఎవరింటి గిన్నె వచ్చినా వట్టిది తిప్పి ఇవ్వడం మా ఇంటా వంటా లేదమ్మా. పంచదారైనా చారెడు వేసి ఇస్తాం. నీ సీసాలో పంచదార వెయ్యలేను కదా, నీళ్ళదాయె. అందుకని నీళ్ళే పోశాను.”

అంతే, నా తిక్క రేగిపోయింది. ఏమన్నానో అన్నీ గుర్తులేవు, గుర్తున్నవే చాలు. మీ మర్యాద వల్ల నా రెండేళ్ళ కష్టం గంగలో కలిసిందన్నాను. రేపు ఐదుగురి ముందు నేను తల ఎత్తుకోలేనన్నాను. ఈ ఊరు వదిలిపెట్టి పోవాల్సొస్తే అది మీ వల్లేనన్నాను. “అసలు మీరు చదువుకున్నారా?” అని కూడా అన్నాను. ఆంటీ మొహం ఎర్రబడింది.

హాల్లో పేపరు చదువుతున్న అంకుల్ నన్ను అక్కడికి పిలిచి, లేచి బీరువా తెరిచారు. నాడా కట్టిన ఒక ఫైలు తెచ్చి, నింపాదిగా ముడి విప్పారు. అందులో నాకు పంపిన ప్రతి కాగితానికీ జిరాక్స్ కాపీ ఉంది, వరస నంబర్లతో సహా! “ఇంట్లోంచి ఏ కాగితం బయటికి పోయినా ఆఫీస్ కాపీ ఒకటి ఉండాలమ్మా. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అలవాటైపోయింది,” అన్నారు. “రెండు వైపులా తీయించాను. నువ్వు వెనకవైపు చూశావా?”

వెనకవైపు ఏముంటుంది? నేనిచ్చిన కాగితానికి ఒకవైపే గళ్ళున్నాయి. అంకుల్ తిప్పి చూపించారు. ఆంటీ గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: “ఈ వారం వాన లేదు. సీసా ఖాళీగా పంపలేక, ఆదివారం పొద్దున్న ఆరింటికి కుళాయిలో వచ్చిన మంచినీళ్ళు పోశాను. బోరు నీళ్ళు కావు, గంగ సప్లై. వాననీళ్ళనుకునేవు, జాగ్రత్త.” మూడు వారాలకీ మూడు కాగితాలు. మూడింటి మీదా అదే మాట, తేదీ, టైము, కింద సంతకం.

రెండేళ్ళు సైన్సు చదివిన నేను కాగితం తిప్పి చూడలేదు. వంకాయలు తరిగే చేత్తో ఆవిడ ఏ పరిశోధకుడూ వంక పెట్టలేనంత చక్కగా నమోదు చేసింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆంటీ అప్పటికే వంటింటి తలుపు దగ్గరగా వేసేసుకుంది. అంకుల్ మాత్రం మెట్ల దాకా వచ్చి, “బస్సు దొరుకుతుందా?” అని అడిగారు. తలూపి దిగిపోయాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. కండక్టర్ టికెట్ కోసం రెండుసార్లు అడిగి, నా మొహం చూసి ముందుకెళ్ళిపోయాడు. అమ్మకి ఏం చెప్పాలి, పక్కింటివాళ్ళకి అమ్మ ఏం చెప్పుకోవాలి అనుకుంటుండగా బస్సు యమున వంతెన ఎక్కింది. నదిలో నీళ్ళు ఒక పక్కకి నల్లగా పారుతున్నాయి. వాటిని చూస్తూ ఉత్తినే అనుకున్నాను, ఇవి కాదు, ఆవిడ పోసింది గంగ నీళ్ళు. కాలువలో వచ్చేవి. కొండల్లోంచి...

అమ్మో! నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను.

ఆ చుక్కలు అంత కిందికి ఎందుకు దిగాయి? అది మబ్బు కాదు, మంచు! హిమాలయాల మీద పడి, గడ్డకట్టి, కరిగి, కాలువలు పట్టి వైశాలి నాలుగో అంతస్తులో కుళాయిలోంచి వచ్చిన నీరు. యంత్రం తప్పు చెప్పలేదు, ఆంటీ తప్పు చేయలేదు. సీసాలో ఏముందో సీసా ఉన్నదున్నట్టు చెప్పింది. అంటే ఇదే పద్ధతిలో ఈ నగరంలో ఏ ఇంటి కుళాయి నీళ్ళైనా ఎక్కడివో చెప్పొచ్చు కదా! ఎవరు మంచు తాగుతున్నారు, ఎవరు నేలలోని పాత వాన తాగుతున్నారు? రేపు వాతావరణం మారితే ఎవరి గొంతు ముందు ఎండుతుంది? నేను వాన వెంట పరుగెత్తుతున్నాను, అసలు ప్రశ్న ప్రతి ఇంట్లో బిందెలో ఉంది. తర్వాతి స్టాపులో దిగిపోయి, టెలిఫోన్ బూత్ వెతికి మా సర్‌కి ఫోన్ చేశాను. కుళాయి నీళ్ళు అనగానే ఆయన, “పారబొయ్యి,” అన్నారు. మంచు అన్నాక అంకెలు మళ్ళీ చదవమన్నారు. చివరికి, “మిగతా ఇళ్ళవి కూడా తే. యంత్రం వాళ్ళతో నేను మాట్లాడతాను,” అన్నారు. బూత్‌లోంచి బయటికొచ్చి నడిరోడ్డు మీద గంతేశాను. ఎవరు చూస్తే నాకేం!

సోమ, మంగళవారాల్లో వసంత్ కుంజ్, ద్వారకా, గుర్గావ్ ఇళ్ళకి తిరిగి, కుళాయి నీళ్ళూ బోరు నీళ్ళూ వేరువేరుగా పట్టాను. వైశాలి మిగిలింది. మిగలదా మరి, నాకు మొహం చెల్లాలి కదా. బుధవారం పొద్దున నీళ్ళొచ్చే టైముకి వెళ్ళి తలుపు తట్టాను.

ఆంటీ తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. “ఆంటీ, తప్పంతా నాది. మీరు రాసింది నేను చదవలేదు. అనకూడని మాటలన్నాను,” అని గడగడా చెప్పేశాను.

“కోపం ఎవరికైనా వస్తుంది,” అంది ఆవిడ. “కానీ చదువుకున్నారా అన్నావు చూడూ, అది గుచ్చుకుంది నాకు. బీయస్సీ ఫస్ట్ క్లాసు నేను. కెమిస్ట్రీలో మా కాలేజీకే ఫస్టు.” ఆవిడ కళ్ళు తడయ్యాయి, నావి ఎప్పుడో అయ్యాయి. తర్వాత పక్కకి తప్పుకుని, “రా, ఏడు దాటితే నీళ్ళు ఆగిపోతాయి,” అంది.

సీసా ఆవిడే పట్టింది. పడుతుంటే పక్కన నిలబడి, బరువు నీళ్ళు, తేలిక నీళ్ళు, కొండలు, మంచు అంతా చెప్పాను. ఎవరికీ అంత సంతోషంగా ఏదీ చెప్పలేదు నేను. స్కూలుకి జడ వేయించుకోవడానికి దువ్వెనతో నిలబడ్డ వాళ్ళ కూతురు మధ్యలో దూరి, “మమ్మీ, గ్లేసియర్ పిఘల్ రహే హైఁ, హమారీ బుక్ మేఁ హై,” అంది. ఆంటీ మూత బిగిస్తూ నా వైపు తిరిగింది. “మేం రోజూ తాగేది మంచునీళ్ళంటావు. అది కరిగిపోతోందంటోంది ఇది. అయితే ఇంకా ఎన్నాళ్ళొస్తాయమ్మా ఈ నీళ్ళు?”

“తెలీదాంటీ,” అన్నాను.

మా సర్ అన్నమాట నిలబెట్టుకున్నారు, యంత్రం ఒక పూట దొరికింది. గుర్గావ్ బోరు నీళ్ళు పక్కనే కురిసిన వానల్లా ఉన్నాయి. వసంత్ కుంజ్ వాళ్ళవీ దాదాపు అంతే. ద్వారకావి మధ్యలో ఎక్కడో తేలాయి. వైశాలి నీళ్ళు మాత్రం మళ్ళీ అడుక్కి దిగిపోయాయి, ఆ మూడు చుక్కల పక్కకే. ఒకే నగరంలో, ఒకే రకం పప్పుచారు కాచుకునే నాలుగిళ్ళు, మూడు దారుల నీళ్ళు! ఆ గ్రాఫుని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నానంటే నమ్మండి.

సెమినార్‌లో ఐదుగురూ మొహాలు గంటు పెట్టుకుని కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన మూడో స్లైడు దగ్గరే నన్ను ఆపారు. “వాన సీసాలో కుళాయి నీళ్ళు చేరితే దాన్ని పొరపాటంటారు, పరిశోధన అనరు,” అన్నారు ఇంగ్లీషులో. పొరపాటు దాచి, కుళాయి నీళ్ళు మొదటి నుంచీ నా పథకంలోనే ఉన్నాయని చెప్పొచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ ఆంటీ సంతకం కళ్ళ ముందు కదిలింది. “అవును సర్, పొరపాటే. నాది,” అని, తర్వాతి స్లైడు వేశాను. దాని మీద ఆ కాగితం వెనకవైపు ఉంది. అక్కడెవరికీ తెలుగు రాదు. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. ‘వాననీళ్ళనుకునేవు, జాగ్రత్త’ దగ్గరికి రాగానే గదంతా ఘొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ తర్వాత గ్రాఫు పెడితే ఎవరూ నవ్వలేదు, అందరూ ముందుకి వంగారు.

చివరికి ఆయనే అడిగారు. “సరే, వాన వదిలేశావు. ఇప్పుడు నీ పరిశోధన ప్రశ్న ఏమిటి?”

రాసుకున్న వాక్యం ఒకటుంది, పెద్ద పెద్ద మాటలతో. అది తలలోంచి ఎగిరిపోయింది. “వైశాలిలో ఒకావిడ అడిగారు సర్. ఈ నీళ్ళు ఇంకా ఎన్నాళ్ళొస్తాయి అని. అదే నా ప్రశ్న,” అన్నాను.

నన్ను బయట కూర్చోమన్నారు. వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. తలుపు తెరుచుకుని మా సర్ వచ్చారు. కొత్త శీర్షికతో కొనసాగమన్నారట. “పాగల్ లడ్కీ,” అన్నారు ఆయన, మొహం నిండా నవ్వుతో. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. దీదీ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. అమ్మ కంటే ముందు వైశాలికి ఫోన్ చేశాను.

“ఆంటీ! మీ ప్రశ్న పాసయింది! దాని మీదే చెయ్యమన్నారు, నన్ను ఉంచేశారు!” అని అరిచాను.

“అమ్మయ్య, పోనీలే, మంచి మాట చెప్పావు,” అంది ఆవిడ. ఆ వెంటనే, “ఇంతకీ ఎన్నాళ్ళన్నారు?” అని అడిగింది.

“ఎవరికీ తెలీదాంటీ. అది తేల్చడానికే నాలుగేళ్ళు ఇచ్చారు.”

“నాలుగేళ్ళా! కాస్త తొందరగా తేల్చమ్మా,” అంది ఆంటీ. “మా పిల్ల ఇంకా ఆరో క్లాసే.”